వేములవాడ బాసింగం, కంపాలా చట్టం



2023 మే నెలాఖరులో ఉగాండా అధ్యక్షుడు యోవేరి ముసెవెని ఒక చట్టం మీద సంతకం పెట్టారు. మగవాడు మగవాడితో, ఆడది ఆడదానితో సంబంధం పెట్టుకుంటే యావజ్జీవ శిక్ష. కొన్ని సందర్భాల్లో ఉరి కూడా. ఆ చట్టం కావాలన్నవాళ్ల ప్రధాన వాదం ఒక్కటే: ఇది మా ఆఫ్రికా సంస్కృతి కాదు, పడమటి దేశాలవాళ్లు మా మీద రుద్దుతున్న రోగం.

నెలన్నర తిరగకముందే, జులై 6న, హైదరాబాదులో మన తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టాన్ని కొట్టేసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ఇచ్చిన తీర్పు అది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే మన లెక్కన 1919లో వచ్చిన హిజ్రాల చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చారు. వైజయంతి వసంత మొగిలి తదితరులు 2018లో వేసిన కేసు అది.

అక్కడొకటి పుట్టింది, ఇక్కడొకటి పోయింది. ఒకదానికొకటి సంబంధం లేనట్టే కనిపిస్తాయి గానీ, వంశవృక్షం గీస్తే రెండూ దాయాదులే. ఇవాళ్టి ప్రసంగం ఆ దాయాదుల గురించి. కామారెడ్డి, ఎల్లారెడ్డిలో కూర్చుని కంపాలా సంగతి మనకెందుకని మీరు అనుకోవచ్చు. ఎందుకో కొంచెంసేపు వింటే తెలుస్తుంది.

ముందు ఆ 1329 ఫసలీ చట్టంలో ఏముందో చూద్దాం. హైదరాబాదు నగరంలో గానీ, సర్కారు ప్రకటించిన మరే ఊళ్లో గానీ ఉండే హిజ్రాల్లో అనుమానం ఉన్నవాళ్ల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలి. పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం, 'ప్రకృతి విరుద్ధమైన' పనులు చేస్తారని అనుమానం. రిజిస్టరులో పేరెక్కినవాళ్లు ఆడవేషంలో, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే వారంటు అక్కర్లేకుండా పట్టుకోవచ్చు. వీధిలో ఆడినా, వాయించినా అంతే. రెండేళ్ల దాకా జైలు. నేరం రుజువు కావాల్సిన పని లేదు, చీర కట్టుకుంటే చాలు.

ఈ ఆలోచన నిజాంకు సొంతంగా తట్టింది కాదు. బ్రిటిష్ ఇండియాలో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టంలోని రెండో భాగం దాదాపు ఇదే. దానికి వెనక 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్, అందులో 'ప్రకృతి నియమానికి విరుద్ధమైన' సంబంధాలను నేరం చేసిన 377వ సెక్షన్. మెకాలే కమిషన్ 1837లోనే ముసాయిదా రాసిన ఆ కోడ్ 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంకా వెనక్కి పోతే 1533లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తెచ్చిన చట్టం. అంతకుముందు ఇలాంటివి పాపాలు, చర్చి న్యాయస్థానాలు విచారించేవి. హెన్రీ వాటిని రాజు కోర్టుకు తెచ్చి ఉరిశిక్ష పెట్టాడు. పాదిరి చెప్పే పాపం పోలీసు పట్టుకునే నేరమైంది. ఆ నేరమే ఓడెక్కి కలకత్తా వచ్చింది.

కలకత్తా నుంచి అది మళ్లీ ఓడెక్కింది. పంతొమ్మిదో శతాబ్దం చివర తూర్పు ఆఫ్రికాను చేతుల్లోకి తీసుకున్న ఇంగ్లీషువాళ్లు అక్కడి కోర్టులకు కొత్త చట్టం రాసే ఓపిక లేక మన పీనల్ కోడ్‌నే తీసుకెళ్లి పెట్టారు. కెన్యాలో, ఉగాండాలో 1930 దాకా నడిచింది అదే. ఆ తర్వాత వేరే కోడ్‌లు వచ్చాయి గానీ 'ప్రకృతి నియమానికి విరుద్ధమైన' అనే మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఇవాళ కంపాలాలో ఇది మా తాతముత్తాతల నీతి అని గుండె చరుచుకుంటున్నవాళ్లు కాపాడుతున్నది లండన్‌లో రాసి, కలకత్తాలో అచ్చేసి, మొంబాసా రేవులో దించిన సరుకును.

మనమూ తక్కువ తినలేదు. నిజాంసాగర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఎవరినన్నా కదిలించండి. "గివన్నీ ఫారిన్ పోకడలు సారూ, మన దగ్గర యాడున్నయి?" అంటారు. అన్న పెద్దమనిషే శ్రీరామనవమికి కుటుంబంతో సిరిసిల్ల రోడ్డెక్కి వేములవాడ పోయి వస్తాడు.

వేములవాడ నవమి చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. రాజన్న గుడి శివుడిది, అయినా నవమి నాడు అక్కడ సీతారాముల కల్యాణం ఘనంగా చేస్తారు. మంటపం మీద అర్చకులు రాముడి చేత సీతమ్మకు తాళి కట్టించే ముహూర్తానికి, కింద జనంలో ఇంకో పెళ్లి జరుగుతుంటుంది. నుదుటికి బాసింగం కట్టుకుని, చేతిలో త్రిశూలం పట్టుకుని, పసుపు పూసిన మొహాలతో నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు అక్షింతలు చల్లుకుంటారు. రాజన్నను పెళ్లాడామని వాళ్ల నమ్మకం. వాళ్లను శివపార్వతులు అంటారు. అందులో దేవుడి పేరున విడిచిన జోగినులున్నారు, శివసత్తులున్నారు, హిజ్రాలున్నారు, మగపుట్టుక పుట్టి చీర కట్టినవాళ్లున్నారు. పోలీసులు తాళ్లు కట్టి తొక్కిసలాట కాకుండా చూస్తారు తప్ప ఎవరినీ పట్టుకోరు. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు ముందుకు నెట్టుకొస్తారు, వాళ్ల చేత్తో నెత్తిన నాలుగు గింజలు పడితే మంచిదని. 1329 ఫసలీ చట్టం మాటలు తు.చ. తప్పకుండా పాటిస్తే ఆ గుడి ముంగిట్లో సగం మంది జైల్లో ఉండాలి.

అలాగని మన పల్లెలు పెద్ద మనసున్నవని నేను చెప్పబోవడం లేదు. నవమి నాడు అక్షింతలు వేయించుకున్న చేతులే దశమి నాడు వాళ్లకు ఇల్లు అద్దెకివ్వవు. చోటు ఉంది, గౌరవం ఉందా అంటే ఆలోచించాలి. ఈ తేడాను ఇప్పుడే పట్టుకోండి, ముందు ముందు మళ్లీ పనికొస్తుంది.

ఆఫ్రికాలోనూ ఇలాంటి చోట్లే ఉండేవి. నైజీరియాలో ఇగ్బో జాతివాళ్లలో సంపద ఉన్న ఆడది ఓలి ఇచ్చి ఇంకో ఆడదాన్ని భార్యగా తెచ్చుకోవచ్చు. ఆ భార్యకు పుట్టిన పిల్లలు తెచ్చుకున్నామె వంశానికి చెందుతారు. ఇఫి అమాడియుమె అనే ఇగ్బో పండితురాలు తన సొంత ఊరు న్నోబి గురించి 1987లో రాసిన పుస్తకంలో వీళ్లను 'ఆడ భర్తలు' అన్నారు. దీన్ని ఇవాళ్టి అర్థంలో ఆడవాళ్ల మధ్య ప్రేమ అనుకోకూడదని ఆమే హెచ్చరించారు. అది ఆస్తి, వంశం, పలుకుబడి చుట్టూ తిరిగే ఏర్పాటు. కానీ మిషనరీకి ఆ తేడా అక్కర్లేదు. ఆయన చేతిలో పుస్తకం ఒకటే, అందులో భర్త అంటే మగవాడే.

ఉగాండా కథ ఇంకా చిత్రం. 1886లో బుగాండా రాజు రెండో మ్వాంగా తన కొలువులో కొత్తగా క్రైస్తవులైన కుర్ర సేవకులను చంపించాడు. జూన్ 3న నముగొంగో అనే చోట చాలామందిని సజీవంగా తగలబెట్టారు. ఆ రోజుల్లో అలా ప్రాణాలు పోగొట్టుకున్న కేథలిక్కులు ఇరవై ఇద్దరిని 1964లో పోప్ పునీతులుగా ప్రకటించారు. ఇవాళ జూన్ 3 ఉగాండాలో సెలవు దినం, లక్షల మంది నడిచి నముగొంగోకు పోతారు. చర్చి చెప్పే కథ ప్రకారం ఆ పిల్లల తప్పు ఏమిటి? రాజు శరీరవాంఛకు లొంగకపోవడం. ఆఫ్రికాలో మగవాడికి మగవాడి మీద కోరిక అనేదే లేదని పార్లమెంటులో చెప్పేవాళ్లు, ఏటా ఆ కోరికకు బలైన అమరవీరుల పండగ చేసుకుంటారు. రాజు భయం వేరే అనే చరిత్రకారులున్నారు, కొత్త మతం తీసుకున్నవాళ్లు తనకంటే తెల్లవాళ్లకు విధేయులవుతారని. అదీ నిజమే కావచ్చు. కానీ కథలో అసలు నలిగింది ఎవరు? రాజు పిలిస్తే కాదనలేని పిల్లలు. దాన్ని పట్టుకుని 'చూశారా, పూర్వం ఎంత స్వేచ్ఛ ఉండేదో' అనడం కూడా నాకు ఒప్పు కాదు.

సంప్రదాయం ఒక వైపు, మిషనరీ ఒక వైపు నిలబడి వాదించుకుంటుంటే, మధ్యలో ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ బహుభార్యత్వం.

ఆఫ్రికాలో చాలాచోట్ల ఒక మగవాడికి ఇద్దరు ముగ్గురు భార్యలు మామూలు. మిషనరీలు ఒక్కరినే ఉంచుకుని మిగతావాళ్లను పంపేస్తేనే బాప్తిస్మం అన్నారు. పంపేసిన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు ఏమైపోవాలి? ఈ ప్రశ్న అడిగిన తెల్లవాళ్లు కొద్దిమంది. దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్ కొలెన్సో 1850ల్లోనే ఇది ఆ ఆడవాళ్లకు అన్యాయమని రాసి సాటి పాదిరుల చేత తిట్లు తిన్నాడు. 1888లో ఆంగ్లికన్ బిషప్‌లంతా లండన్‌లో లాంబెత్ సభలో కూడి, అలాంటి మగవాళ్లకు బాప్తిస్మం కుదరదని తీర్మానించారు. సరిగ్గా నూరేళ్లకు, 1988 లాంబెత్ సభలో, భార్యలను బలవంతంగా వదిలించకుండానే చేర్చుకోవచ్చని, కొత్తగా మాత్రం చేసుకోకూడదని మాట మార్చారు. నూరేళ్లలో ఎన్ని ఇళ్లు రెండుగా చీలాయో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

మన దగ్గరికి రండి. ఎల్లారెడ్డి నుంచి పోచారం డ్యామ్ దాటి ముందుకు పోతే మెదక్. అక్కడి పెద్ద చర్చి అందరూ చూసిందే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు పాదిరి కరువు రోజుల్లో జనానికి పని చూపించి కట్టించాడు, 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచారు. ఇటు డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టింది. రోగి పుండు కడగడానికి అయినవాళ్లే దగ్గరికి రాని రోజులవి. ఈ మేలు మరిచిపోతే మనకు పుట్టగతులుండవు. అయితే వాళ్ల నీతిశాస్త్రాన్ని కూడా కళ్లకద్దుకోవాలా అంటే, అది వేరే లెక్క.

మన ఊళ్లలో మాల, మాదిగ, ఇంకా ఎన్నో కులాల్లో మొగుడు చచ్చిపోయినా, వదిలేసినా ఆడది మళ్లీ చేసుకోవచ్చు. మారుమనువు అంటారు. కాపురం కుదరకపోతే కులపెద్దలు కూర్చుని, పెట్టుపోతలు లెక్కకట్టి, విడుపు ఇప్పిస్తారు. నిజాం రాజ్యంలోని కులాల గురించి సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో వేసిన పెద్ద పుస్తకంలో కులం తర్వాత కులానికి ఈ సంగతి కనిపిస్తుంది. పై కులాల ఆడపిల్ల చిన్నప్పుడే తల చెడి మూలన కూర్చుంటే, కింది కులాల ఆడది రెండో మనువు చేసుకుని కలుపు తీయడానికి పోయేది. రాజమండ్రిలో వీరేశలింగం గారు వితంతు వివాహం కోసం ఎంత పోరాటం చేశారో బళ్లో చదువుకుంటాం. ఎల్లారెడ్డి తాలూకాలో అందుకు పోరాటం అక్కర్లేదు, కల్లు పోయించే స్తోమత ఉంటే చాలు.

ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు బ్రిటిష్ ఇండియాలో క్రైస్తవుల కోసం 1869లో చేసిన విడాకుల చట్టం చూడండి. భార్య తప్పు నడిచిందని రుజువైతే చాలు, భర్తకు విడాకులు. భార్యకు కావాలంటే మాత్రం భర్త తప్పు నడవడం ఒక్కటే చాలదు, దానికి తోడు క్రూరంగా హింసించాడనో, వదిలేసి పోయాడనో కూడా రుజువు చేయాలి. ఇంగ్లండు దొరసానుల ఇళ్లకు కొలిచి కుట్టిన చట్టం అది. కులపంచాయితీలో నలుగురి ముందు 'నాకు ఈ మనిషి వద్దు' అని లేచి నిలబడగలిగిన ఆడదానికి, బాప్తిస్మంతో పాటు ఆ నోరు పోయింది. ఆ తేడాను పార్లమెంటు 2001లో గానీ సరిచేయలేదు. నాగరికత నేర్పడానికి వచ్చామన్న చట్టం ఈ ఒక్క విషయంలో మన పంచాయితీ చింతచెట్టు కంటే వెనకే ఉంది.

ఆఫ్రికాలో తెల్లవాళ్ల నీతి నేరుగా తెలుగువాళ్ల పుస్తెల మీదికే వచ్చిన సంగతి ఒకటుంది. ఇది మన పాఠ్యపుస్తకాల్లో గాంధీ గారి జీవితంలో ఒక వాక్యంగా పోతుంది గానీ, నిలబడి చూడాల్సిన విషయం.

1860 నవంబరులో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నటాల్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు చెరకు తోటల్లో కూలికి వేలకు వేల మంది పోయారు. మద్రాసు ఓడలెక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు. వాళ్లు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, పసుపుతాడు కట్టుకుని, కులపెద్దను కూర్చోబెట్టుకుని. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ అనే న్యాయమూర్తి ఒక తీర్పు చెప్పాడు. ఒక ముస్లిం భర్త తన భార్యను ఇండియా నుంచి తెచ్చుకుంటానన్న కేసు అది. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతాచారం ప్రకారం జరిగిన పెళ్లి ఈ దేశ చట్టానికి పెళ్లే కాదన్నాడు. ఆ మనిషికి ఒక్క భార్యే ఉన్నా సరే. క్రైస్తవ పద్ధతిలోనో, రిజిస్ట్రారు ముందరో జరగని పెళ్లిళ్లన్నీ ఒక్క తీర్పుతో గాలిలో కలిసిపోయాయి. తెల్లారేసరికి నటాల్‌లో ఉన్న మన ఆడవాళ్లు చట్టం కళ్లకు ఉంచుకున్నవాళ్లయ్యారు, పిల్లలు వారసత్వం లేనివాళ్లయ్యారు.

ఆ దెబ్బతోనే ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి దిగారు. కస్తూర్బా జైలుకు పోయింది అప్పుడే. తోటల్లో, బొగ్గు గనుల్లో సమ్మె లేచింది. 1914లో భారతీయుల ఊరట చట్టం వచ్చి, ఒక భార్యతో ఉన్న పెళ్లిళ్లను గుర్తించారు. మనవాళ్ల గొడవ అక్కడికి చల్లారింది. పక్కనే ఉన్న జులూ ఆడదాని పెళ్లి సంగతి? ఆవులిచ్చి చేసుకునే వాళ్ల పెళ్లి మరో ఎనభై ఏళ్లు పూర్తి పెళ్లిగా లెక్కకు రాలేదు. దక్షిణాఫ్రికా 1998లో సంప్రదాయ వివాహాల గుర్తింపు చట్టం చేసుకున్నాక గానీ ఆమె చట్టం దృష్టిలో భార్య కాలేదు. మన పెద్దలు ఆనాడు తమ పుస్తెల గురించి అడిగారు తప్ప ఆమె గురించి అడగలేదు. ఇది చెప్పుకోవడానికి మనకు కొంచెం ఇబ్బందే.

ఇక్కడిదాకా విన్నవాళ్లకు లెక్క సులువుగా తోచవచ్చు. తెల్లవాడి నీతి చెడ్డది, మన ఆచారం మంచిది అని. ఆ లెక్క జోగిని దగ్గర తప్పుతుంది. కెన్యాలో కూడా తప్పింది.

కెన్యాలో కికుయు జాతివాళ్లు ఈడొచ్చిన ఆడపిల్లలకు మర్మాంగం కోసే ఆచారం పాటించేవారు. 1929లో స్కాట్లండు మిషన్ వాళ్లు, ఈ ఆచారాన్ని వదిలేస్తామని ప్రమాణం చేస్తేనే చర్చిలో, బడిలో చోటు అన్నారు. జనం తిరగబడ్డారు. గుంపులు గుంపులుగా చర్చి వదిలి సొంత బడులు పెట్టుకున్నారు. తర్వాత స్వతంత్ర కెన్యాకు మొదటి అధ్యక్షుడైన జోమో కెన్యట్టా లండన్‌లో చదువుకుంటూ 1938లో రాసిన పుస్తకంలో ఆ ఆచారాన్ని గట్టిగా సమర్థించాడు, జాతి నిలబడేదే దాని మీద అన్నాడు. మిషనరీది అహంకారమే, కాదనను. కెన్యట్టాది ఆత్మగౌరవమే, అదీ కాదనను. కానీ కత్తి కింద పడుకున్న పన్నెండేళ్ల పిల్లకు ఈ రెండింటితో ఏం పని? కెన్యా పార్లమెంటు 2011లో నిషేధ చట్టం చేసేనాటికి దాని వెనక నిలబడ్డది కెన్యా ఆడవాళ్లే, స్కాట్లండు పాదిరులు కాదు.

మన నిజామాబాద్ పాత జిల్లాకు, అందులో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు ఊళ్లకు జోగిని కొత్త మాట కాదు. ఇదే ఆచారానికి రాయలసీమలో బసివి అని, చిత్తూరు వైపు మాతమ్మ అని పేర్లు. ఇంట్లో జబ్బులొచ్చినా, మగపిల్లాడు లేకున్నా, వానలు పడకున్నా ఎల్లమ్మకో, పోచమ్మకో మొక్కి పిల్లను విడుస్తారు. పిల్ల దాదాపు ఎప్పుడూ దళితుల ఇంటిదే. ఈడు రాకముందే మెడలో తాళి పడుతుంది. దేవుడి పెళ్లాం కాబట్టి మనిషిని చేసుకోకూడదు. ఈడొచ్చాక ఊళ్లో పలుకుబడి ఉన్నవాడెవడో ముందు వస్తాడు, ఆ తర్వాత ఎవరొచ్చినా కాదనే హక్కు ఆమెకు లేదు. జాతరలో ఆడాలి, శవం ముందర ఆడాలి. అన్నానికి పిలిచేటప్పుడు మాత్రం వాకిట్లోనే.

దీన్ని ప్రాచీన కాలపు లైంగిక స్వేచ్ఛ అని, పడమటి సిగ్గు అంటని బతుకు అని రాసినవాళ్లను నేను చదివాను. పట్నంలో ఏసీ గదిలో అలా అనిపిస్తుంది కాబోలు. స్వేచ్ఛ అంటే వద్దనే వీలు. జోగినికి లేనిదల్లా అదే. చోటు వేరు, గౌరవం వేరని ముందే గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. వేములవాడలో త్రిశూలం పట్టుకుని నిలబడ్డవాళ్లందరూ ఒక్కలాంటివాళ్లు కాదు. ఒక హిజ్రా తనంతట తాను కోరి బాసింగం కట్టుకుని ఉండొచ్చు. పక్కనే నిలబడ్డ జోగినికి ఏడేళ్లప్పుడు ఎవరో కట్టారు. పై నుంచి ఫొటో తీస్తే ఇద్దరూ ఒక్కలాగే కనబడతారు.

మధ్యలో ఒక చిన్న పక్కదారి. కళావంతుల, అంటే దేవదాసీల, విషయంలో మన సంస్కర్తలు ఇంగ్లీషువాళ్ల నీతినే అరువు తెచ్చుకున్నారు. తంజావూరు కొలువులో ఉన్న ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం'లో శృంగారం మితిమీరిందని, ఆడది అలా రాయడం సిగ్గుచేటని వీరేశలింగం గారు ఈసడించారు. బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. మగకవులు అంతకంటే పచ్చిగా రాస్తే తప్పు కానిది ఆడది రాస్తే తప్పెలా అవుతుందని అడిగి, 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు. మరుసటి ఏడాదే సర్కారు అశ్లీలమని దాన్ని నిషేధించింది. నిషేధం పోయింది 1947లో, ప్రకాశం పంతులు గారి హయాంలో. ఒక దేవదాసి పుస్తకాన్ని బతికించింది ఇంకో దేవదాసి. ఆ వీలు ఆమెకు చదువు వల్ల, సంగీతం వల్ల, సొంత ఆస్తి వల్ల వచ్చింది. మన ఊరి జోగినికి ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. అందుకే నాగరత్నమ్మను, నిజామాబాద్ జోగినిని ఒకే దేవదాసి గాటన కట్టడం నాకు రుచించదు.

జోగినుల కోసం ఈ జిల్లాలో పని చేయడానికి వచ్చింది మిషనరీ కాదు, పూజారీ కాదు. హేమలతా లవణం. కవి గుర్రం జాషువా గారి కూతురు, నాస్తికుడు గోరా గారి కోడలు. తండ్రి క్రైస్తవుడై పుట్టి అటు చర్చితోనూ ఇటు కులంతోనూ మాటలు పడ్డవాడు. ఆ ఇంటి నుంచి వచ్చి దేవుడే లేడనే ఇంట్లో అడుగు పెట్టిన మనిషికి, దేవుడి పేరు చెప్పి జరిగే దోపిడీ గురించి మాట్లాడే అర్హత ఎవరైనా ఇవ్వాలా? 1980ల్లో సంస్కార్ సంస్థ తరఫున ఆమె వర్ని వైపు ఊళ్లలో తిరిగారు, అక్కడే చెల్లి నిలయం పెట్టారు. ఆ పేరు గమనించండి. పతితలనో, పాపులనో అనలేదు, చెల్లెళ్లు అన్నారు. జోగినులకు పెళ్లిళ్లు చేయించారు. ఊళ్లు ఒప్పుకునేదాకా మాట్లాడుతూ కూర్చున్నారు. పెళ్లి చేస్తేనే ఆడదాని బతుకు బాగుపడ్డట్టా అని ఆ తర్వాతి కాలపు స్త్రీవాదులు ప్రశ్నించారు. ప్రశ్న సరైనదే. కానీ అప్పటిదాకా పెళ్లి చేసుకోకూడదని శాసించిన ఊళ్లో, చేసుకుంటే ఏమవుతుందో చూద్దామనడం చిన్న తెగింపు కాదు.

1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీల నిషేధ చట్టం చేసింది. జోగినిగా విడవడం నేరం. తాళి కట్టినవాడికి, కట్టించిన తల్లిదండ్రులకు, పండగలా చూడ్డానికి వచ్చి పాల్గొన్నవాళ్లకు శిక్ష. మంచిదే. ఆ చట్టాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, నేరస్థుల జాబితాలో ఎవరెవరున్నారో చదవండి. పిల్లను విడిచిన దళిత తండ్రి ఉన్నాడు. పూనకంతో పలికిన పోతరాజు ఉన్నాడు. డప్పు కొట్టినవాడు కూడా 'పాల్గొన్నవాడి' కింద వస్తాడు. ఈడొచ్చాక మొదట ఆ ఇంటి గడప తొక్కిన పెద్దమనిషి కోసం వెతకండి. కలకత్తాలో, కంపాలాలో చట్టాలు రాసినవాళ్లకు, నీతి చెప్పిన మిషనరీలకు చీర కట్టిన హిజ్రా కనిపించింది, రెండో భార్య కనిపించింది, ఆడ భర్త కనిపించింది. వాళ్లకు కనిపించని ఆ పెద్దమనిషి మన సొంత చట్టంలో కూడా కనిపించడు.